మిషన్ వాళ్ళ ఉపవాసం

ఆదివారం, జనవరి 10

పాస్టరు ఓల్విన్ మళ్ళీ వచ్చాడు. వరద తర్వాత నది కట్ట మీద వేసుకున్న నా ప్లాస్టిక్ గుడారం ముందు నిలబడి, పేరుకు ముందు దోన్ అని మర్యాద పెట్టి, "దోన్ అబెలినో, దేవుడు మీకొక పని పెట్టాడు" అన్నాడు. దేవుడికి నాతో పనుంటే నేరుగా నాకే చెప్తాడు గానీ మీ చేత కబురు పంపడు అన్నాను. ఆయన నవ్వేసి పనేమిటో చెప్పాడు.

అమెరికా నుంచి చర్చి వాళ్ళ మిషన్ బృందం దిగింది. తొమ్మిది మంది. రెండు వారాలు ఉండి మా పేట ఇళ్ళలో బురద ఎత్తిపోస్తారట. మాటలు అటూ ఇటూ అందించడానికి మనిషి కావాలి. సగం జీవితం రేవులో అరటి ఓడల మీద గడిపాను కాబట్టి నాకు ఇంగ్లీషు వచ్చునని డెల్మీరా ఫోనులో ఆయనకు చెప్పిందట. కొండ మీద తమ్ముడింట్లో కూర్చుని కూడా నా పెళ్ళాం నాకు పనులు పురమాయిస్తోంది. ఆ చర్చి ఆవిడది, నాది కాదు. పెళ్ళికో చావుకో తప్ప నేను ఆ గడప తొక్కను.

ఒప్పుకున్నాను. అక్కడ కాఫీ వేడిగా దొరుకుతుంది.

డెల్మీరా ఫోను చేసింది. కొండగాలి పడిందట, మోకాళ్ళు కాస్త నయమట. తమ్ముడు తొరీబియో తన కాఫీ తోట పక్కన మాకు ఇల్లు వేసుకోవడానికి చోటిస్తానంటున్నాడట. "మన ఇంట్లో శుభ్రమైన నేల మీద కాలు పెట్టగలనంటే దిగి వస్తాను. లేదంటే నువ్వే ఎక్కిరా" అంది. ఈ వయసులో కొండెక్కడానికి నేనేమన్నా మేకనా? నేను పుట్టింది ఈ నది ఒడ్డున. నవంబరులో ఒకదాని వెనక ఒకటి రెండు తుపానులొచ్చి కట్ట తెంపితే నదిని అని ఏం లాభం.

ఇల్లు ఎలా ఉందని అడిగింది. ఎండుతోందని చెప్పాను. నిజమే కదా. పచ్చి బురద ఎత్తడం కంటే ఎండనిచ్చి ఎత్తడం తేలిక. తొందరేం లేదు.


సోమవారం, జనవరి 11

నడుము పడిపోయింది. బురద మోసి కాదు, మాటలు మోసి.

మొదట దోన్యా తొమాసా ఇల్లు. ముసలావిడ, ఒంటరిది, అందుకని మొదటి వంతు ఆవిడకిచ్చారు. బృందం పెద్ద పేరు డ్వైట్. గుమ్మంలో పట్టనంత మనిషి. వాళ్ళ ఊళ్ళో ఇళ్ళకు పైకప్పులు వేయిస్తాడట. పొద్దున్నే అందరికీ చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డలు, నీళ్ళ సీసాలు పంచి, పనులు పంచి, చిన్న ప్రార్థన చేసి మొదలుపెట్టించాడు. పారలన్నీ కొత్తవి, తళతళా మెరుస్తున్నాయి. మొదటి పార దించగానే బురద దాన్ని పట్టేసుకుంది. ఇద్దరు కలిసి లాగితే పార రాలేదు గానీ ఒకాయన కాలు బూటులోంచి ఊడి వచ్చింది. మా నది ఒండ్రు పైకి పెంకు కట్టి ఉంటుంది, లోపలంతా జిగురే. మధ్యాహ్నానికి సగం మంది నీడలో వెల్లకిలా పడిపోయారు. మార్లిస్ అనే ఆవిడ మాత్రం బకెట్ తర్వాత బకెట్ మోస్తూనే ఉంది. డెబ్బై దాటిందట, రైతు భార్యట. నోరు విప్పదు.

ప్రతి వస్తువుకీ నన్ను పిలవడమే. ఇది పారేయాలా, ఉంచాలా అడగండి అంటారు. తొమాసా అన్నీ ఉంచమంది. ఒంటి చెప్పు, పిడి లేని మూకుడు, చివరికి ఎక్కణ్ణుంచో కొట్టుకొచ్చిన పళ్ళ సెట్టు కూడా. అది మీది కాదు కదా అంటే, ఎవరో వెతుక్కుంటూ వస్తే ఏం చెప్పమంటావని నన్నే అడిగింది. మార్లిస్ ఆ పళ్ళ సెట్టు కడిగి కిటికీలో పెట్టింది.

అసలు చిక్కు భోజనాల దగ్గర వచ్చింది. వరదలో తొమాసాతోపాటు పైకప్పు ఎక్కి బతికిన కోడి ఒక్కటే ఒక్కటి ఉండేది. దాన్ని కోసి పులుసు పెట్టింది. పక్కింటి నుంచి గిన్నెలు అడిగి తెచ్చి తొమ్మిది మందికీ వడ్డించింది. డ్వైట్ నన్ను పక్కకు తీసుకెళ్ళి, తమ తిండి తాము తెచ్చుకున్నామనీ, అన్నీ పోగొట్టుకున్న మనిషి నోటి ముందు కూడు తాము తినలేమనీ, పైగా నిరుడు వేరే దేశంలో నీళ్ళు పడక సగం బృందం ఆసుపత్రి పాలైందనీ, అందుకే ఈసారి ఇది బృందం నియమమనీ, ఆవిడకు నొప్పి కలగకుండా చెప్పమనీ అన్నాడు.

మా వైపు చేతిలో పెట్టిన కంచం వెనక్కిస్తే మొహం మీద ఉమ్మేసినట్టే. పైగా కోడి పులుసు. గిన్నె పట్టుకుని తొమాసా నా మొహం వంకే చూస్తోంది. నా నాలుక నన్నడక్కుండానే పనిచేసింది.

"వీళ్ళు ఉపవాసంలో ఉన్నారు, దోన్యా తొమాసా. మన పేట కోసం మొక్కుకుని వచ్చారు" అన్నాను.

ఆవిడ గిన్నె కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది. కడుపు మాడ్చుకుని మా కోసం పార పట్టారా అంది. వాళ్ళు చర్చి వ్యానులో కూర్చుని తలుపులు వేసుకుని తమ పొట్లాలు తిన్నారు. తొమాసాకు అది ప్రార్థన అని చెప్పాను.

పులుసు పారబోయకూడదు కదా, నేను తిన్నాను. బాగుంది. రెండు గిన్నెలు.


మంగళవారం, జనవరి 12

ఇవాళా ఉపవాసమే. ఏం చేయను, మొదలుపెట్టాక నడపాలి.

ఇల్లు ఇంకా ఎండాలి.


బుధవారం, జనవరి 13

కొంప మునిగింది. ఇప్పటికే మునిగిన పేటలో ఇంకోసారి.

నిన్న సాయంత్రం ప్రార్థనలో పాస్టరు ఓల్విన్ ఏడ్చేశాడట. పరాయి దేశం వాళ్ళు మన కోసం ఉపవాసం ఉంటే మనం తింటూ చూస్తామా అని, బుధవారం సంఘమంతా ఉపవాసం అని ప్రకటించాడు. గంజి మీద బతికే ముసలాళ్ళు కూడా తూలుతూ తిరుగుతున్నారు. నాకు పొద్దుటి కాఫీ గొంతు దిగలేదు. దిగింది గానీ రుచి తెలియలేదు.

మధ్యాహ్నం మా వీధి నోల్వియా, తలనొప్పితో తలకు గుడ్డ కట్టుకుని, ఉపవాసులకు మంచినీళ్ళిద్దామని బిందె ఎత్తుకుని వ్యాను దగ్గరికి వెళ్ళింది. తలుపు తీసి ఉంది. లోపల డ్వైట్ వేరుశెనగ ముద్ద పూసిన రొట్టె తింటున్నాడు. మీసాలకు కూడా అంటిందట. నోల్వియాను చూసి పలకరింపుగా నవ్వాడట. ఆవిడ బిందె అక్కడే దించేసి వచ్చేసింది.

నోల్వియా నోట్లో పడ్డాక ఇక చెప్పాలా? చీకటి పడేలోగా కట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా పాకిపోయింది. మనం పెట్టింది తింటే రోగాలొస్తాయని వాళ్ళ భయం, అది చెప్పడానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నారు అంటోంది. అందరూ ఔనంటున్నారు.

ఆ అబద్ధం ఎవరిదో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.


గురువారం, జనవరి 14

ఇవాళ ఆరిళ్ళకు వెళ్ళాం. ఆరిళ్ళ వాళ్ళూ నవ్వుతూ ఎదురొచ్చారు, ఆరోగ్యం అడిగారు, ఎండ ఎక్కువగా ఉందన్నారు. "దేవుని చిత్తమైతే రేపు రండి" అన్నారు. ఒకరు ఇంట్లో వాళ్ళు లేరన్నారు, ఇంకొకరు తాళం చెవి చుట్టాల దగ్గర ఉందన్నారు, నోల్వియా అయితే తన బురద ఇంకా పదును మీద ఉందంది. అతిథిని మొహం మీద వద్దనడం మాకు రాదు. మా అమ్మ అప్పులవాణ్ణి కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టి రేపు రమ్మనేది.

డ్వైట్ ప్రతి ఇంటికీ రేపు అని గుర్తు పెట్టుకున్నాడు. రేపు ఆరిళ్ళ పని ఉంది, పొద్దున్నే లేవాలి అని బృందానికి చెప్పాడు. నేను తల ఊపాను.


శుక్రవారం, జనవరి 15

ఆరు ఇళ్ళూ రేపే. పైగా వాన. వ్యాను బురదలో దిగబడి, దాన్ని తోయడంలోనే పూట గడిచింది. తోయడానికి మా వాళ్ళు ఒక్కరూ రాలేదు. కట్ట మీద నిలబడి చూశారు.

డెల్మీరా ఫోను చేసింది. వచ్చే శనివారం తొరీబియో ట్రక్కులో దిగుతుందట. ఇల్లు చూసి, ఉండాలా పోవాలా తేల్చేసుకుంటానంది. నోల్వియా కూడా ఫోను చేస్తోందట, ఊసుపోక. ఏం చెప్పిందని అడిగితే ఏమీ లేదంది.

సగం అయిపోయిందని చెప్పాను.

వారం రోజులుంది. మనసు పెడితే ఒక్కడినే చేసేయగలను.


శనివారం, జనవరి 16

ఇంటికి వెళ్ళాను. పార పిడి వదులుగా ఉంది. వచ్చేశాను.


ఆదివారం, జనవరి 17

మార్లిస్ చర్చి వెనక బట్టలు ఉతుకుతుంటే కాఫీ కోసం వెళ్ళి దొరికిపోయాను. అంత మాట్లాడగలదని తెలియదు. ఇక్కడికి రావడానికి వాళ్ళ ఊరి చర్చి ఆడవాళ్ళు ఏడాదంతా కేకులు చేసి అమ్మారట. ఎన్ని ఇళ్ళు అయ్యాయని రోజూ అడుగుతున్నారట. ఒక్కటి అని చెప్పడానికి సిగ్గేస్తోందట. తాము చేసిన తప్పేమిటో తెలియడం లేదు, తొమాసా ఇంట్లో ఏదైనా పారేయకూడనిది పారేశామా అని అడిగింది. అడిగి, ఉతికిన చొక్కానే మళ్ళీ ఉతికింది.

ఏం లేదన్నాను. మా వాళ్ళు నెమ్మదస్తులన్నాను.

డ్వైట్ మంగళవారం బృందాన్ని నదికి అవతలి పేటకు తీసుకెళ్ళిపోతాడట. అక్కడ పని ఉందని పాస్టరు ఎవరి చేతో చెప్పించాడు. ఓల్విన్ కూడా వాళ్ళు పోతే బాగుండునన్నట్టే ఉన్నాడు. కన్నీళ్ళు పెట్టుకున్నందుకు ఆయనకు చిన్నతనంగా ఉంది.

వాళ్ళు పోతే నోల్వియా ఇల్లు, దాని వెనక ఉన్న ఇరవై ఇళ్ళు అలాగే ఉంటాయి. మళ్ళీ వానలొచ్చేసరికి ఆ బురద రాయి అవుతుంది. జనం ఒక్కొక్కరే ఎక్కడికో అక్కడికి పోతారు. నా ఇంటి సంగతి వేరు, నేను చూసుకుంటాను.


సోమవారం, జనవరి 18

చెప్పేశాను.

ముందు డ్వైట్‌కి. వ్యాను ఎక్కించబోతున్న పారల దగ్గర ఆపి, మొదటి రోజు నుంచి జరిగిందంతా కుండ బద్దలు కొట్టాను. కోడి, ఉపవాసం, సంఘమంతా మాడిన కడుపులు, నోల్వియా చూసిన రొట్టె. ఆయన మొహం ఎర్రబడింది. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా సబబే.

"ఐదు రోజుల నుంచీ మా గురించి వాళ్ళు ఏమనుకుంటున్నారో మీకు తెలుసు బ్రదర్. మీకు మాత్రమే తెలుసు" అన్నాడు.

"తెలుసు."

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"తినాలి."

నియమం అన్నాడు. అంతా పోగొట్టుకున్నవాళ్ళ దగ్గర తినడం పాపం కాదా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తప్పు నాదే అయినా మండింది. అంతా పోగొట్టుకున్నారని ఎవరు చెప్పారు, ఇంటికొచ్చిన మనిషికి తిండి పెట్టడం ఇంకా పోలేదు, దాన్ని మీరు తీసుకోనంటున్నారు అన్నాను. ఆయన చాలాసేపు పారలు సర్దుతున్నట్టు నటించాడు. తర్వాత ఎవరింటికి వెళ్ళాలని అడిగాడు.

ఇంకెవరిల్లు? నోల్వియాదే. వాళ్ళ పెరట్లో రేకుల కింద పది మంది ఆడవాళ్ళు కూర్చుని చిక్కుడు గింజలు ఏరుతున్నారు. పాస్టరు కూడా అక్కడే ఉన్నాడు. తొమ్మిది మంది అమెరికా వాళ్ళను వెంటేసుకుని నేను వెళ్ళేసరికి మాటలు ఆగిపోయాయి. టోపీ తీసి అందరి ముందూ చెప్పాను. ఉపవాసం నేను కల్పించానని, వీళ్ళకు ఆ సంగతే తెలియదని.

నోల్వియా గింజల చేట పక్కన పెట్టింది. "అయితే దేవుణ్ణి అడ్డం పెట్టుకుంది ఈ అమెరికా గ్రింగోలు కాదు, మీరన్నమాట."

"నేనే."

"బుధవారమంతా నా తల పగిలిపోయింది, దోన్ అబెలినో. పస్తుండి నీళ్ళు మోశాను. మీరు ఆ పూట ఏం తిన్నారు?"

కాఫీ అన్నాను. ఎవరో ఆడామె పగలబడి నవ్వింది. పాస్టరు తల దించుకున్నాడు గానీ ఆయన భుజాలు కూడా కదులుతున్నాయి. నోల్వియా మాత్రం నవ్వలేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళి ఒక కంచం నిండా వేయించిన చిక్కుడు ముద్ద, మొక్కజొన్న రొట్టెలు, అరటికాయ ముక్కలు, పక్కన ఊరవేసిన మిరపకాయలు పెట్టి తెచ్చి డ్వైట్ చేతుల్లో పెట్టింది. పెట్టి, నడుం మీద చేతులేసుకుని ఎదురుగా నిలబడింది. అందరూ కుస్తీ పోటీ చూస్తున్నట్టు చూస్తున్నారు.

ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. మామూలు కంటే పెద్ద ప్రార్థనే. తర్వాత తిన్నాడు. మిరపకాయ కూడా, వద్దని నేను చెప్పేలోగా నమిలాడు. కళ్ళ వెంట, ముక్కు వెంట నీళ్ళు కారాయి. కంచం ఖాళీ చేసి ముందుకు చాపి, ఇంకొంచెం పెట్టమని సైగ చేశాడు. నోల్వియా నా వైపు తిరిగి, "మనిషి మంచివాడే, పాపం మీ చేతిలో పడ్డాడు" అంది.

మార్లిస్ తిన్న కంచం కడగబోతే నోల్వియా లాక్కుంది. ఇద్దరూ కాసేపు కంచం కోసం పెనుగులాడారు. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. నన్ను పిలవలేదు.


మంగళవారం, జనవరి 19

డ్వైట్ రోజంతా మరుగుదొడ్లోనే ఉన్నాడు.

నోల్వియా జామాకుల కషాయం పంపింది. తన వంట వల్ల కాదట, వారం రోజులు తిన్న ఆ వేరుశెనగ ముద్ద వల్లనట. తొమాసా కూడా ఏదో వేరు నూరి పంపింది. సాయంత్రానికి దొడ్డి గుమ్మం ముందు మందులు వరస కట్టాయి. పాపం ఆయన అన్నీ తాగాడు.

తలుపులు తెరుచుకున్నాయి. ఎనిమిది మందితోనే నోల్వియా ఇల్లు మొదలుపెట్టాం.


బుధవారం, జనవరి 20

మూడిళ్ళు. ఇవాళ మా వాళ్ళు కూడా పారలు పట్టారు. తిండి పెట్టినవాళ్ళు ఊరికే కూర్చుని చూడలేరు, అదొకటి ఉంది. పేట పారలకు కొత్త పారలు కలిశాయి. పెంకును గడ్డపారతో ముక్కలు చేసి, పలకలు పలకలుగా ఎత్తాలని మా వాళ్ళు చూపించారు. తోపుడు బండి దిగబడకుండా పాత తలుపులు పరిచి దారి వేయడం డ్వైట్ నేర్పాడు. ఒక పూట మెతుకులు తింటే ఆయనకు ఇంకో పూట పడటం లేదు, అయినా కంచం వెనక్కివ్వడు.

మధ్యాహ్నం నోల్వియా నన్ను గుమ్మం దగ్గర పట్టుకుంది. "దోన్ అబెలినో, పేటలో అందరి ఇళ్ళకూ దారి చూపిస్తున్నారు. మీ ఇంటికి ఎప్పుడు?"

దేవుని చిత్తమైతే రేపు అన్నాను.

"ఆ మాట మనం గ్రింగోలకు చెప్తాం. నాకు చెప్పకండి" అంది. నోరుందని ఏదైనా అంటుంది.


గురువారం, జనవరి 21

డెల్మీరా అడిగింది. వంటగది తప్ప అంతా అయిపోయిందని చెప్పాను.

ఎందుకన్నానో నాకే తెలియదు. ఆవిడ సరే అంది. ఫోను పెట్టేశాక కూడా దాన్ని చెవికి ఆనించుకుని కూర్చున్నాను.


శుక్రవారం, జనవరి 22

ఇంతకు ముందు రాయనిది రాస్తాను. ఎవరు చదవబోతున్నారు గనక.

నవంబరులో నీళ్ళు తీశాక నేను ఒకసారి తలుపు తీశాను. బురద కిటికీ ఎత్తున ఉంది. మా మంచం గోడకు నిలువుగా ఆనుకుని ఉంది, మనిషి నిలబడినట్టు. తలుపు మూసేశాను. అప్పటి నుంచి అయిదారుసార్లు వెళ్ళాను. గుమ్మం దాకా వెళ్తాను. కాళ్ళు ఆగిపోతాయి. ఎండనివ్వడం, పార పిడి, మిషన్ వాళ్ళ పని, ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న కబుర్లు. ఆ ఇంటి ఇటుకలు నేను పోత పోసినవి. జీతం వచ్చినప్పుడల్లా ఒక వరస లేపుతూ, పిల్లలు లేని ఇద్దరం సగం కట్టిన గోడల మధ్య ఏళ్ళ తరబడి కాపురం చేశాం. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలంటే భయమేసింది. మొదలుపెట్టి పూర్తి చేయలేకపోతే డెల్మీరా ఇక రాదని ఇంకా భయమేసింది. మొదలే పెట్టకపోతే ఇంకా ఓడిపోలేదు కదా అనుకున్నాను.

ఇవాళ పని ఆపాక మార్లిస్ నా వెంట వచ్చింది. రమ్మనలేదు, వచ్చింది. నోల్వియా సైగలతో ఏం చెప్పిందో ఏమో. మా ఇంటి ముందు నేను ఆగితే తనూ ఆగింది. లోపలికి పోదామా అనలేదు. గుమ్మం పక్కన రాయి మీద కూర్చుని బూట్లలో బురద దులుపుకుంది. ఎవరు కట్టారని అడిగింది. చెప్పాను. ఎన్నాళ్ళు పట్టిందని అడిగింది. అదీ చెప్పాను. బాగా కట్టారు, గోడలు ఒక్కటీ పగల్లేదు అంది.

అప్పుడు చూశాను. నిజమే. ఒక్క పగులు లేదు.

తలుపు తీశాను. ఆవిడ పార నా చేతికిచ్చింది. మొదటి పలక ఎత్తి బయట వేసేసరికి ఏడుపొచ్చింది. మొహమంతా బురద, తుడుచుకోవడానికి చెయ్యి కూడా శుభ్రంగా లేదు. ఆవిడ తోపుడు బండి తేవడానికి వెళ్ళింది. బండితోపాటు డ్వైట్, ఇంకా నలుగురు వచ్చారు. పొద్దు గుంకేదాకా తవ్వాం. గుమ్మం లోపల ఒక చాపంత చోటు తేలింది.

రేపు డెల్మీరా వస్తుంది. ఒక చాపంత చోటు చూపించాలి.


శనివారం, జనవరి 23

మధ్యాహ్నం వస్తానన్న మనిషి పొద్దున్నే దిగింది.

ముందు గదిలో మోకాళ్ళ లోతు బురదలో ఉన్నాను. బృందం మొత్తం ఉంది, నోల్వియా ఉంది, పాస్టరు ఓల్విన్ ప్యాంటు మడిచి బకెట్లు అందిస్తున్నాడు. ట్రక్కు ఆగిన చప్పుడుకు ఒక్కొక్కరే పని ఆపారు. డెల్మీరా మోకాలు పట్టుకుని మెల్లగా దిగి గుమ్మం దాకా వచ్చి నిలబడింది. లోపలికి చూసింది. నన్ను చూసింది.

"వంటగది తప్ప అంతా అయిపోయిందన్నావు."

 నిన్ననే మొదలుపెట్టానని చెప్పాను.

"తెలుసు. ఇల్లెలా ఉందో నోల్వియా రోజూ చెప్తూనే ఉంది. నువ్వెలా ఉన్నావని అడిగితే, గుమ్మం దాకా పోయి తిరిగొస్తున్నాడంది. అందుకే వచ్చాను."

నోల్వియా గడ్డపార పట్టుకుని గోడ వైపు తిరిగిపోయింది. 

డెల్మీరా అందరినీ ఒకసారి కలయజూసింది. వీళ్ళకు తిండి ఎవరు పెడుతున్నారని అడిగింది. నోల్వియా పెడుతోందని పాస్టరు చెప్పాడు. "నా ఇంట్లో పనిచేసే వాళ్ళకు పక్కింటి తిండా?" అని తొరీబియోను కేకేసింది. వాడు నా కోసం కొండ మీద నుంచి తెచ్చిన మొక్కజొన్న పిండి బస్తా, చిక్కుడు గింజలు, జున్ను ముద్ద ట్రక్కులోంచి దింపించింది. పెరట్లో మూడు రాళ్ళు పేర్చి పొయ్యి రాజేసింది. చెయ్యి ఆగకుండా రొట్టెలు తట్టింది. డ్వైట్ మొదటి కంచం తనే అందుకుని తిన్నాడు. మార్లిస్‌ను మాత్రం డెల్మీరా తన పక్కనే కూర్చోబెట్టుకుని పెట్టింది.

నాతో మాట్లాడలేదు. నేను తవ్వుతూనే ఉన్నాను.

పొద్దు వాలుతుంటే తొరీబియో బయల్దేరదామన్నాడు. చీకటి పడితే కొండదారి మంచిది కాదు. నా భుజం మీద చెయ్యేసి, ఇల్లు ఇంకా నెలల పని బావా, అక్క అక్కడ సుఖంగానే ఉంటుంది, అయ్యాక చూద్దాం అన్నాడు. మంచివాడే, తప్పు మాటేమీ అనలేదు. డెల్మీరా పొయ్యి ఆర్పి చేతులు కడుక్కుని ట్రక్కు వైపు నడిచింది. సంచీ ట్రక్కులోనే ఉంది.

నేను పార వదిలేసి వెనకే వెళ్ళాను.  ఎన్నాళ్ళలో పూర్తి చేస్తానో చెప్దామనుకున్నాను, అదీ అబద్ధమే అవుతుంది.

"ఉండిపో" అన్నాను. "నేల లేదు. మంచం లేదు. కట్ట మీద ప్లాస్టిక్ కింద పడుకోవాలి. అయినా ఉండిపో. నువ్వు లేకపోతే నాకు చేతకావడం లేదు."

ఆవిడ ట్రక్కు తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడింది. "ఇన్నాళ్ళూ ఫోనులో ఈ మాట ఎందుకనలేదు?"

"ఇల్లయ్యాక అందామనుకున్నాను."

"ఇల్లు అడిగానా నేను?"

శుభ్రమైన నేల అని అడిగిందావిడే. ఆ సంగతి గుర్తు చేయలేదు. నాకు ఆమాత్రం తెలివుంది.

సంచీ తనే లాక్కుంది. తొరీబియో అక్కను చూసి, నన్ను చూసి, తల గోక్కుని బండి తీశాడు. ట్రక్కు కట్ట ఎక్కి మలుపు తిరిగేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. తర్వాత డెల్మీరా పెరటి వైపు తిరిగి, అన్ని కంచాలూ ఎవరు కడుగుతారనుకున్నావని అడిగింది.